సర్పగంధి: వేరు చరిత్ర, పెరటి పాఠం



గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు మీకు బాగా తెలిసిన మొక్కలు. మూడూ అపోసైనేసీ కుటుంబానికి చెందినవి. అదే కుటుంబంలో వీటికి మరో చుట్టం ఉంది. అది మోకాలెత్తు దాటి పెరగడం తక్కువ. పూలు కూడా చిన్నవి. అడవి దారిలో కాలికి తగిలినా గమనించకుండా దాటిపోతాం. అయితే ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో రెండు పెద్ద మలుపులకు ఈ మొక్క వేరు కారణమైంది. అధిక రక్తపోటును మందుతో తగ్గించవచ్చని తెలియడం ఒకటి. మానసిక వ్యాధులకూ మెదడులోని రసాయనాలకూ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టడం రెండోది.

ఆ మొక్క పేరు సర్పగంధి. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటైనా.

ఈ మొక్కతో ఒక చిక్కు ఉంది. తులసి ఆకులు కోసుకుంటే మళ్ళీ చిగురిస్తుంది. ఉసిరి కాయలు దులుపుకున్నా చెట్టు చెట్టుగానే నిలుస్తుంది. సర్పగంధిలో మందు ఉన్నది వేరులో. వేరు తవ్వితే మొక్క పోతుంది. అందుచేత దీని చరిత్రను ప్రయోగశాల వైపునుంచి మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది. ఆ వేర్లు ఎక్కడినుంచి వచ్చాయి, తవ్విన చోట మళ్ళీ ఎవరైనా నాటారా, అసలు ఒక మొక్కను పది మొక్కలుగా చేయడం ఎలా అన్నది మిగతా సగం. ఈ పాఠంలో రెండూ చూద్దాం.

మొక్కను గుర్తుపట్టడం

సర్పగంధి బహువార్షిక మొక్క. అంటే వరిలాగా ఒక్క పంటకాలంతో దాని బతుకు ముగియదు. చలికాలంలో ఆకులు చాలావరకు రాలిపోయినా నేలలో వేరు సజీవంగా ఉంటుంది. వేసవి వానలు పడగానే మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. సాధారణంగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు వలయంలా అమరి ఉంటాయి. ఆకు పైభాగం నిగనిగలాడే ఆకుపచ్చ, అడుగుభాగం లేత రంగు. పూలు తెల్లవి. వాటిని మోసే కాడలు, రక్షకపత్రాలు మాత్రం ఎర్రగా ఉంటాయి. తెలుపు, ఎరుపు కలిసిన ఆ గుత్తి చూడముచ్చటగా ఉంటుంది. కాయలు బఠాణీ గింజంత. పండితే ఊదా కలిసిన నలుపు రంగుకు తిరుగుతాయి.

హిమాలయ పాదప్రాంతం, ఈశాన్య రాష్ట్రాలు, తూర్పు కనుమలు, పడమటి కనుమలు, అండమాన్ దీవులు దీని సహజ నివాసాలు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ దేశాల్లోనూ పెరుగుతుంది. చెట్ల నీడ, ఆకులు కుళ్ళి మెత్తబడిన నేల, తేమ ఉన్నా నీరు నిలవని చోటు దీనికి ఇష్టం. పెరట్లో పెంచేటప్పుడు ఈ మూడు సంగతులూ మనకు పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. మన ఊళ్ళలో రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద దీనికి దగ్గరి బంధువైన రావుల్ఫియా టెట్రాఫిల్లా కనిపిస్తుంటుంది. అది అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చి స్థిరపడిన మొక్క. దానికి కణుపు దగ్గర నాలుగేసి ఆకులుంటాయి. అవి సమానంగా ఉండవు, రెండు పెద్దవి, రెండు చిన్నవి. కాయలు మొదట ఎర్రగా మారి, ఆ తర్వాత నల్లబడతాయి. వేర్ల వ్యాపారంలో దాన్ని సర్పగంధితో కలిపి అమ్మడం పాత మోసమే. మొక్క తెచ్చుకునేముందు ఆకులు లెక్కపెట్టండి.

పేరు వెనుక

మన వైద్య గ్రంథాల్లో సర్పగంధ పేరు ప్రాచీన కాలం నుంచి కనిపిస్తుంది. వేరు వంకరలు తిరిగి పాములా ఉంటుందని కొందరు, పాముకాటుకు వాడేవారని కొందరు ఆ పేరుకు కారణం చెబుతారు. పాముతో పోరాడబోయే ముంగిస ఈ మొక్కను నమిలి వెళ్తుందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. కథలు కథలుగా వినవచ్చు. పాము విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవీనమ్ ఇంజెక్షన్ ఒక్కటే. ఈ వేరు నూరి ఇస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

బీహార్, బెంగాల్ ప్రాంతాల్లో దీనికి మరో వాడుక ఉండేది. నిద్రపట్టనివారికి, ఉన్మాదం కలిగినవారికి వేరు పొడి ఇచ్చేవారు. అక్కడ దీన్ని పాగల్ కీ దవా, అంటే పిచ్చిమందు అనేవారు. మాట మోటుగా ఉన్నా, ఆధునిక పరిశోధనకు దారి చూపింది ఆ వాడుకే.

మరి రావుల్ఫియా అన్న పేరు ఎక్కడిది? లియోన్‌హార్డ్ రావుల్ఫ్ అనే వైద్యుడు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరవాసి. 1573లో బయలుదేరి సిరియా, ఇరాక్ ప్రాంతాల్లో మొక్కలకోసం తిరిగాడు. 1582లో వచ్చిన ఆయన యాత్రాగ్రంథం, అలెప్పో నగరంలో జనం కాఫీ తాగడాన్ని యూరప్ పాఠకులకు వర్ణించిన తొలి పుస్తకాల్లో ఒకటి. భారతదేశానికి ఆయన రానేలేదు, సర్పగంధిని చూడనూ లేదు. ఆయన పోయిన వందేళ్ళ తర్వాత 1703లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లూమియే ఆయన గౌరవార్థం ఒక ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. మన మొక్క తర్వాతి కాలంలో ఆ ప్రజాతిలో చేరింది. బీహారు పల్లెల్లో తరతరాలుగా వేరు నూరినవాళ్ళ పేర్లు ఏ ప్రజాతికీ దక్కలేదు. వృక్షశాస్త్రంలో ఇలాంటివి చాలా జరిగాయి.

1931

ఈ మొక్క ఆధునిక చరిత్రలో 1931 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ఢిల్లీలో ఒక బృందం, కలకత్తాలో మరొక బృందం దీని గురించి ప్రచురించారు.

ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాల హకీం అజ్మల్ ఖాన్ స్థాపించినది. 1921లో గాంధీజీ దాన్ని ప్రారంభించారు. దేశీయ మందులను ఆధునిక రసాయనశాస్త్రంతో పరీక్షించాలన్నది అజ్మల్ ఖాన్ కోరిక. జర్మనీలో డాక్టరేట్ పొంది వచ్చిన సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ పని చేపట్టారు. 1931లో ఆయన, రఫత్ హుసేన్ సిద్దిఖీ కలిసి సర్పగంధి వేరునుంచి ఐదు ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా వేరుచేసినట్లు ప్రకటించారు. ఆల్కలాయిడ్లంటే మొక్కల్లో తయారయ్యే, నత్రజని కలిగిన క్షార గుణపు పదార్థాలు. చిన్న మోతాదులోనే ఇవి శరీరంపై బలంగా పనిచేస్తాయి. పొగాకులోని నికోటిన్, కాఫీలోని కెఫీన్ కూడా ఈ కోవలోవే. సిద్దిఖీ తాను కనుగొన్నవాటిలో కొన్నింటికి 1927లో మరణించిన అజ్మల్ ఖాన్ పేరు కలిసేలా అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్ అని పేర్లు పెట్టారు. దేశ విభజన తర్వాత సిద్దిఖీ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ విజ్ఞాన సంస్థల నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించారు. అజ్మలీన్ మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. బ్రుగాడా సిండ్రోమ్ అనే గుండె లయ జబ్బు దాగి ఉందేమో తేల్చడానికి చాలా దేశాల ఆసుపత్రుల్లో ఈ మందు ఎక్కించి గుండె రేఖలు పరీక్షిస్తారు.

అదే 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రోగుల మీద తమ అనుభవాన్ని ప్రచురించారు. ఈ వేరు ఉన్మాదాన్ని తగ్గిస్తోందని, రక్తపోటును కూడా తగ్గిస్తోందని రాశారు. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే వేరు ఎలా పనిచేస్తుందో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా బృందం జంతువులపై ప్రయోగాలు కొనసాగించింది. 1943లో ఆ బృందమే ఒక ముఖ్యమైన సంగతి గమనించింది. స్ఫటికాలు తీసేశాక మిగిలిన జిగురు భాగం కూడా నిద్ర తెప్పిస్తోంది. అంటే అసలు మందు ఇంకా చేతికి రాలేదన్నమాట.

బొంబాయి నుంచి బోస్టన్‌కు

1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులపై జరిపిన పరిశీలనను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. రక్తపోటుకు అప్పట్లో సరైన మందులు లేవు. ఉప్పు మానేయడం, విశ్రాంతి, కొందరికి నరాలు కోసే పెద్ద శస్త్రచికిత్స, అంతే. వకీల్ వ్యాసం చదివి అమెరికాలో బోస్టన్‌కు చెందిన రాబర్ట్ విల్కిన్స్ ఈ మందును పరీక్షించారు. ఆయన కూడా ఇది పనిచేస్తుందని తేల్చారు.

1952లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సీబా సంస్థ శాస్త్రవేత్తలు ముల్లర్, ష్లిట్లర్, బైన్ ఆ చేతికందని మందును వేరుచేసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. చోప్రా బృందం వేలెత్తి చూపిన జిగురు భాగంలోనే అది దొరికింది. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వాదన ఇక్కడ అనవసరం అనుకుంటాను. వేరును మొదట చేతబట్టిన పల్లె వైద్యుడి నుంచి బాసెల్ వరకు అది ఒకే గొలుసు.

1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ దీన్ని మానసిక రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. ఆ తర్వాత దీని పేరు ప్రపంచమంతా మోగిపోయింది. 1956లో రాబర్ట్ వుడ్‌వర్డ్ రిసర్పిన్‌ను ప్రయోగశాలలో సంశ్లేషణ చేశాడు. రసాయనశాస్త్రం చదివేవారికి అదో గొప్ప ఉదాహరణ. 1957లో వకీల్‌కు లాస్కర్ పురస్కారం వచ్చింది.

రెండు జబ్బులకు ఒకే మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ రోజుల్లోనే దొరకసాగింది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపడానికి సెరటోనిన్, డోపమీన్, నారెడ్రినలిన్ వంటి పదార్థాలను చిన్న చిన్న తిత్తుల్లో నిల్వ ఉంచుకుంటాయి. రిసర్పిన్ ఆ నిల్వలను ఖాళీ చేసేస్తుంది. రక్తనాళాలను బిగించే సంకేతాలు తగ్గితే రక్తపోటు దిగుతుంది. మెదడులో తగ్గితే మనిషి మందగిస్తాడు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలకుండా పడిపోవడం, ఎల్-డోపా ఇవ్వగానే తిరిగి లేచి తిరగడం చూపించాడు. పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు దారి వేసిన ప్రయోగం ఇదే. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

రిసర్పిన్ నిర్దోషమైన మందేమీ కాదు. కొందరు రోగుల్లో తీవ్రమైన దిగులు, మగత, ముక్కు దిబ్బడ కనిపించాయి. 1960ల తర్వాత మెరుగైన మందులు రావడంతో వైద్యులు క్రమంగా దీన్ని తగ్గించారు. అందుచేత మీరు పెరట్లో పెంచిన మొక్క వేరును ఎవరికీ ఇవ్వకండి, మీరూ నమలకండి. ఏ మొక్క వేరులో ఎంత ఆల్కలాయిడ్ ఉందో చేత్తో తూచి చెప్పలేం. ఇంట్లో ఎవరైనా రక్తపోటు మాత్రలు వేసుకుంటుంటే మరీ ప్రమాదం.

వేర్ల వేట

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఎండు వేరు బరువులో అన్ని ఆల్కలాయిడ్లూ కలిపి సుమారు 1 నుంచి 3 శాతం. అందులో రిసర్పిన్ వాటా కిలో ఎండు వేరుకు ఒక గ్రాము, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఒక మాత్రలో 0.25 మిల్లీగ్రాముల మందు ఉంటే గ్రాముతో 4000 మాత్రలు తయారవుతాయి. వినడానికి ఎక్కువే. కాని రక్తపోటు రోగి రోజూ వేసుకోవాలి. రోజుకు ఒకటి చొప్పున 4000 మాత్రలు ఒక్క మనిషికి పదకొండేళ్ళలోపే చెల్లిపోతాయి. ప్రపంచంలో రక్తపోటు ఉన్నవారు కోట్లమంది. ఒక్కో మొక్క ఇచ్చే ఎండు వేరును గ్రాముల్లోనే తూచాలి. కిలో కావాలంటే పదుల సంఖ్యలో మొక్కలు పెకలించాలి. అవన్నీ అప్పట్లో అడవిలోవే.

1950లలో గిరాకీ అమాంతం పెరిగింది. వ్యాపారులు ధర చెప్పారు, అడవి పక్క ఊళ్ళవాళ్ళు తవ్వారు. వాళ్ళను తప్పుపట్టలేం, పూట గడవడానికి అదొక దారి. కాని తవ్వకానికి మొక్క వయసుతో పని లేకపోయింది. కాయలు పండి గింజలు రాలేదాకా ఆగినవారు తక్కువ. పైగా ఈ మొక్క గింజలు సులువుగా మొలవవు, ఆ సంగతి ముందు చెబుతాను. తీసింది వేగంగా, పుట్టింది నెమ్మదిగా. అడవిలో మొక్క పలచబడిపోయింది.

భారత ప్రభుత్వం ముడి వేర్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. విదేశీ సంస్థలు ఆఫ్రికాలో పెరిగే రావుల్ఫియా వామిటోరియా వైపు మళ్ళాయి. దానిలో రిసర్పిన్ శాతం ఎక్కువ. వుడ్‌వర్డ్ సంశ్లేషణ తర్వాత కూడా మొక్కనుంచి తీయడం ఆగలేదు. 1990లో సర్పగంధి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరింది. అంటే అంతర్జాతీయ వ్యాపారం అనుమతి పత్రాలతో మాత్రమే జరగాలి. మన దేశంలో 2000లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఏర్పడింది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ఆయుర్వేద మందుల తయారీకి ఈ వేరు ఇప్పటికీ కావాలి. చట్టం తవ్వకాన్ని అడ్డుకోగలదు గాని మొక్కను పుట్టించలేదు. ఆ పని నారుమడిలో జరగాలి.

ఒకటి పది కావాలంటే

సర్పగంధిని పెంచడానికి నాలుగు మార్గాలున్నాయి. విత్తనం, వేరు ముక్క, కొమ్మ ముక్క, మొదలు ముక్క. అడవికి వెళ్ళి తవ్వి తేవద్దు. అటవీశాఖ నర్సరీలు, ఉద్యాన విశ్వవిద్యాలయాలు, సుగంధ, ఔషధ మొక్కలపై పనిచేసే పరిశోధన కేంద్రాల్లో అడగండి. ఈ రంగంలో ప్రధాన సంస్థ సీమాప్ లక్నోలో ఉంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో ఉంది.

ముందు విత్తనం సంగతి. పండు కండ పలచగా ఉండి, లోపల రాయిలాంటి టెంకె ఉంటుంది. ఆ టెంకెలో గింజ. నీరు లోపలికి దిగడానికి టెంకె తొందరగా ఒప్పుకోదు. దానికి తోడు చాలా టెంకెల్లో గింజ సరిగా తయారు కాదు. పైకి చూస్తే గట్టి గింజేననిపిస్తుంది, పగలగొడితే ఖాళీ. ఇక గింజ పాతబడేకొద్దీ మొలకశక్తి పడిపోతుంది. ఈ మూడు కారణాలవల్ల వంద గింజలు వేస్తే ఇరవై మొలవచ్చు, బాగుంటే యాభై మొలవచ్చు.

చేయవలసిన పని ఇది. బాగా నల్లబడిన కాయలనే కోయండి. ఒక్క గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు, కాబట్టి రోజు విడిచి రోజు చూసి కోసుకోవాలి. చేత్తో నలిపి కండ పోయేలా నీళ్ళలో కడగండి. గింజలను ఉప్పునీళ్ళలో వేయండి, లీటరు నీటికి 100 గ్రాముల ఉప్పు సరిపోతుంది. తేలినవి తాలు గింజలు, తీసిపారేయండి. మునిగినవాటిని మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి, ఒక రోజంతా నానబెట్టండి. వీలైతే వెంటనే విత్తండి. దాచుకోక తప్పకపోతే నీడలో ఆరబెట్టి ఆ వచ్చే మే, జూన్ నెలలకల్లా వాడేయండి.

నారు పోయడానికి ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపిన మట్టెలు చాలు. గింజను సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల లోతున వేసి, పైన గడ్డి పరచి, రోజూ పలచగా నీరు చిలకరించాలి. మొదటి మొలక కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత కూడా నెలరోజులపాటు ఒక్కొక్కటిగా వస్తూనే ఉంటాయి. పదిహేను రోజులకే విసిగి మట్టి తిరగేయకండి. ఆలస్యంగా వచ్చేవాటి వంతు రావాలి. నారుకు నాలుగు నుంచి ఆరు ఆకులు వచ్చాక, అంటే సుమారు ఏడు వారాలకు, వర్షాకాలంలో పీకి నాటుకోవాలి. తల్లివేరు తెగకుండా తీయడం ముఖ్యం.

మీ బడిలో చేయదగిన చిన్న ప్రయోగం ఇక్కడే ఉంది. కొత్త గింజలు 50, ఏడాది పాతవి 50 తీసుకోండి. రెండింటినీ ఒకే మట్టిలో, ఒకే రోజు విత్తి, రోజూ లెక్క రాయండి. నలభై రోజుల తర్వాత ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే, అడవిలో ఈ మొక్క తనంతట తాను ఎందుకు కోలుకోలేకపోయిందో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది.

వేరు ముక్కలతో పని కొంత తేలిక. రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలు కోసి, తేమగా ఉన్న ఇసుక, ఎరువు కలిపిన మట్టిలో పడుకోబెట్టి, పైన పలచగా మట్టి కప్పాలి. వేసవి మొదట్లో వేస్తే నెల రోజుల్లో చిగురు లేస్తుంది. సగం ముక్కలు బతికితే బాగున్నట్లే.

కొమ్మ ముక్కలకు బాగా ముదిరిన కొమ్మ కావాలి. జూన్‌లో తొలకరి పడ్డాక, మూడు కణుపులుండేలా జానెడు ముక్క కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చండి. వేరు పుట్టేది ఎక్కువగా కణుపు దగ్గరే. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం ఉన్న వేరు పొడి నర్సరీల్లో దొరుకుతుంది, దానిలో అద్ది నాటితే వేర్లు త్వరగా వస్తాయి. అది మొక్కల్లో సహజంగా పనిచేసే ఆక్సిన్ హార్మోను తరహా పదార్థం. అయితే కొమ్మనుంచి వచ్చిన మొక్కకు సాధారణంగా ఒక్క బలమైన తల్లివేరు దిగదు, సన్నవేర్లు ఎక్కువవుతాయి. వేరు బరువు కావలసిన రైతులు, ఇబ్బందులున్నా, విత్తనపు మొక్కనే కోరుకోవడానికి కారణం ఇదే.

నాలుగోది మొదలు ముక్క. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. వేరు తవ్వినప్పుడు దాని పై భాగం ఐదు సెంటీమీటర్లు, దానికి అంటుకున్న కాండపు మొదలు కొద్దిగా కలిపి కోసి ఉంచుతారు. దాన్ని వర్షాకాలంలోనో, నీటి వసతి ఉంటే వెంటనేనో నాటితే దాదాపు ప్రతి ముక్కా బతుకుతుంది. తవ్వినవాడే అక్కడికక్కడ తిరిగి నాటగలిగిన పద్ధతి ఇది. కత్తి, రెండు నిమిషాల ఓపిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు. 1950ల అడవి తవ్వకంలో కోసిన వేర్ల వెంట ఈ మొదళ్ళు కూడా గోనెసంచుల్లోకి వెళ్ళిపోయాయి.

పెరట్లో మూడేళ్ళు

మన మైదాన ప్రాంతాల ఎండలు దీనికి ఎక్కువే. మామిడి, కొబ్బరి చెట్ల కింద చిల్లుల నీడ పడేచోట నాటండి. మొక్కకూ మొక్కకూ అడుగు, అడుగున్నర దూరం చాలు. ఒట్టి ఇసుక నేలలో వేరు సన్నగా చీలికలు చీలికలుగా పోతుంది. బిగుసుకుపోయే నల్లరేగడిలో నీరు నిలిచి కుళ్ళుతుంది. రేగడి నేల అయితే కట్ట ఎత్తుగా పోసి, ఆకుల ఎరువు బాగా కలపండి. కుండీలో పెంచేవారు అడుగున్నర లోతున్న కుండీ తీసుకోవాలి, వేరు కిందికి దిగే మొక్క ఇది. వేసవిలో వారానికి రెండుసార్లు, చలికాలంలో పదిహేను రోజులకోసారి తడి ఇవ్వండి. వేరు లావెక్కాలనుకునేవారు మొదటి ఏడాది పూలగుత్తులు తుంచేస్తారు. విత్తనం కావాలనుకునేవారు కొన్ని మొక్కలను అలాగే వదిలేయాలి. రెండూ ఒకే మొక్కనుంచి ఆశించకండి.

వేరు తీయడానికి కనీసం 18 నెలలు, మంచిగా అయితే రెండున్నర, మూడేళ్ళు ఆగాలి. డిసెంబరు, జనవరిలో ఆకులు రాలి మొక్క విశ్రాంతిలో ఉన్నప్పుడు వేరులో ఆల్కలాయిడ్లు ఎక్కువ. ముందురోజు తడి పెట్టి, గునపంతో చుట్టూ వదులు చేసి, వేరు తెగకుండా పైకి లాగాలి. కడిగేటప్పుడు రుద్దకండి. ఆల్కలాయిడ్లలో సుమారు 90 శాతం పై బెరడులోనే ఉంటాయి, బెరడు ఊడితే మిగిలేది కట్టె. నీడలో ఆరబెడితే వేరు గట్టిపడి, వంచితే టక్కున విరుగుతుంది. మీ బడి వృక్షశాస్త్ర సేకరణలో ఉంచడానికి అలాంటి ఒక్క వేరు సరిపోతుంది.

తవ్విన గుంట ఇంకా తెరిచే ఉంటుంది. కోసి పక్కన పెట్టిన మొదలు ముక్కను అందులోనే నిలబెట్టి, గుప్పెడు ఎరువు కలిపిన మట్టితో పూడ్చి నీళ్ళు పోయండి. పక్కన నాటిన తేదీ రాసిన చెక్కపేడు గుచ్చండి.